తెలుగు పేరు కనిపిస్తే చాలు, మన సాఫ్ట్‌వేర్ ఎందుకు తడబడుతుంది? హైదరాబాద్‌లో రాసిన కోడ్‌కి కూడా ఇదే గతా?

హైటెక్_తెలుగు

అందరికీ నమస్తే. మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో బ్యాకెండ్ పని చేస్తుంటాను. స్కూళ్లకి ఫీజులు, హాజరు, ఐడీ కార్డులు చూసుకునే యాప్ మాది. ఇన్నాళ్లూ పేర్లన్నీ ఇంగ్లిష్‌లోనే ఉండేవి కాబట్టి ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఈ ఏడాది ఒక స్కూల్ వాళ్లు పిల్లల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు తెలుగులో కూడా కావాలన్నారు, మంచిదే కదా అని మేమూ సరేనన్నాం, అక్కడి నుంచి మొదలైంది టెన్షన్.

ఒక్కొక్కటీ చెప్తాను. ఫీజు రసీదు పీడీఎఫ్‌లో వత్తులు కలవట్లేదు. ప్రజ్ఞ అనే పాప పేరు "ప్‌రజ్‌ఞ" అని వచ్చింది. క్రావడి లేదు, ఞ వత్తు లేదు, అక్షరాలన్నీ ఒకదాని పక్కన ఒకటి విడివిడిగా నిలబడ్డాయి. వాళ్లమ్మ ఆ రసీదు పట్టుకుని స్కూల్ ఆఫీసుకి వెళ్లి "ఇది మా పాప పేరేనా?" అని అడిగారట. ఐడీ కార్డుల్లో ఇంకో రకం సమస్య. తండ్రి పేరు శ్రీనివాసరావు అని ఉండాల్సింది "శ్రీనివాసర" దగ్గర ఆగిపోయింది, లక్ష్మీనారాయణ కాస్తా "లక్ష్మీనార" అయ్యింది. శ్రీనివాస్ అని ఉన్నవాళ్లకి మాత్రం బాగానే ప్రింట్ అయ్యింది. మూడోది సెర్చ్. రాజ్‌కుమార్ అని కొడితే కొందరు రాజ్‌కుమార్‌లే దొరుకుతున్నారు, మిగతావాళ్లు డేటాబేస్‌లో ఉన్నా కనపడరు. ఫొటో పెట్టనివాళ్లకి గుండ్రంగా మొదటి అక్షరం చూపిస్తాం కదా, అందులో శ్రీ బదులు "శ్" అని వస్తోంది.

మీటింగ్‌లో దీనికి వచ్చిన పరిష్కారం "తెలుగు తీసేద్దాం, ఇంగ్లిష్ చాలు" అని. నాకు మనసొప్పలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు. ఊరి నిండా సాఫ్ట్‌వేర్ కంపెనీలే, మా టీమ్‌లో సగానికి పైగా తెలుగువాళ్లమే, అయినా తెలుగులో ఒక్క పేరు పెట్టి టెస్ట్ చేయాలని ఎవరికీ తట్టలేదంటే చాలా బాధగా ఉంది. వీటికి దారి తెలిసినవాళ్లు చెప్పండి. అలాగే మన దగ్గరే ఇలా ఎందుకు జరుగుతోందో కూడా మీకు ఏమనిపిస్తే అది రాయండి.

బైట్‌లెక్క

బ్రో, ముందు ఐడీ కార్డు సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు రాసిన రెండు పేర్లలోనే జవాబు ఉంది. శ్రీనివాసర అన్నది యూనికోడ్‌లో ఎన్ని కోడ్ పాయింట్లో, అంటే ఒక్కో గుర్తుకి ఒక్కో నంబర్ చొప్పున ఎన్ని నంబర్లో లెక్కపెట్టండి. శ, పొల్లు, ర, గుడి దీర్ఘం, న, గుడి, వ, దీర్ఘం, స, ర. మొత్తం 10. లక్ష్మీనార కూడా అంతే, ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి దీర్ఘం, న, దీర్ఘం, ర. అదీ 10. రెండూ ఒకే చోట తెగాయంటే అది యాదృచ్ఛికం కాదు. యూటీఎఫ్-8లో (ఆ నంబర్లని కంప్యూటర్ దాచుకునే పద్ధతి అది) తెలుగు కోడ్ పాయింట్ ఒక్కొక్కటి 3 బైట్లు తింటుంది, 10 అంటే 30 బైట్లు. అంటే మీ దగ్గరో, కార్డులు ప్రింట్ చేసేవాళ్ల దగ్గరో పేరుకి 30 బైట్ల హద్దు ఎక్కడో ఉంది. ఇంగ్లిష్‌లో 30 బైట్లంటే 30 అక్షరాలు కాబట్టి ఎవరికీ తగల్లేదు. శ్రీనివాస్ సరిగ్గా 10 కోడ్ పాయింట్లే, అందుకే బతికిపోయాడు. శ్రీనివాసరావుకి 13, అంటే 39 బైట్లు కావాలి.

డేటాబేస్ ఏది వాడుతున్నారో రాయలేదు. ఒరాకిల్ అయితే వార్‌ఛార్2లో మీరు ఇచ్చే అంకె డిఫాల్ట్‌గా బైట్ల లెక్కే, అక్షరాల లెక్క కావాలంటే ఛార్ అని విడిగా చెప్పాలి. కాకపోతే ఒరాకిల్ పొడవు ఎక్కువైతే నిశ్శబ్దంగా కోసేయదు, ఎర్రర్ ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో వార్‌ఛార్ అంటే అక్షరాల లెక్కే. కాబట్టి నా అనుమానం డేటాబేస్ మీద కాదు, ప్రింటర్ వాళ్లకి మీరు పంపే ఫైల్ మీద. ఫిక్స్‌డ్ విడ్త్ ఫైల్, అంటే ఒక్కో గడికి ఇన్ని బైట్లని ముందే కొలత పెట్టిన ఫైల్ అయ్యుంటుంది, చూడండి. మీ అదృష్టం, 30ని 3 భాగిస్తుంది కాబట్టి అక్షరం హద్దు దగ్గర శుభ్రంగా తెగింది. అదే 32 అయ్యుంటే చివర్లో విరిగిన బైట్లు మిగిలి నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం వచ్చేది, అప్పుడు మొదటి రోజే పట్టుబడేది.

పీడీఎఫ్ సంగతి వేరు. తెలుగులో కోడ్ పాయింట్లని వరసగా పేర్చేస్తే అక్షరం తయారవదు. ఏ గుణింతం ఎక్కడ కూర్చోవాలి, ఏ వత్తు కిందకి దిగాలి అని ఫాంట్‌లో ఉన్న నియమాలు చదివి పేర్చే పని ఒకటుంది, దాన్నే షేపింగ్ అంటారు. క్రోమ్, ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్ అన్నిట్లోనూ ఆ పని హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ఇంజిన్ చేస్తుంది. పాత పీడీఎఫ్ లైబ్రరీలు చాలా వాటిలో ఆ దశే లేదు. ఫాంట్ ఎంత మార్చినా ప్రయోజనం ఉండదు, దయచేసి దాని మీద వారం పోగొట్టుకోకండి. రసీదుని హెచ్‌టీఎంఎల్‌గా తయారు చేసి హెడ్‌లెస్ క్రోమ్‌తో (తెర మీద కనపడకుండా సర్వర్‌లో నడిచే క్రోమ్) పీడీఎఫ్ తీయండి, లేదా పైథాన్ అయితే వీజీప్రింట్ వాడండి, అది పాంగో అనే టెక్స్ట్ లైబ్రరీ మీద నడుస్తుంది, పాంగో లోపల హార్ఫ్‌బజ్ ఉంది. ఐటెక్స్ట్ 7 వాడుతుంటే పీడీఎఫ్ కాలిగ్రాఫ్ అనే యాడ్ ఆన్ విడిగా కొనాలి. ఇంకో జాగ్రత్త, సర్వర్‌లో యాప్‌ని నడపడానికి వాడే చిన్న డాకర్ ఇమేజ్‌లలో తెలుగు ఫాంటే ఉండదు, మీ ల్యాప్‌టాప్‌లో బాగా వచ్చి సర్వర్‌లో అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తాయి. నోటో సాన్స్ తెలుగు అయినా, గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న మండలి, మల్లన్న, రామభద్ర లాంటివైనా ఇమేజ్‌లోకి ఎక్కించుకోండి.

ప్రొడక్ట్_కొండాపూర్

నేను కొంచెం వేరే వైపు నుంచి చెప్తాను, కోపం తెచ్చుకోకండి. ఇలాంటి యాప్‌లనే మార్కెట్‌లోకి తీసుకెళ్లే పని నాది. తల్లిదండ్రులు వాట్సాప్‌లో తెలుగుని ఇంగ్లిష్ అక్షరాలతోనే కొడతారు, పిల్లల పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలా ఇంగ్లిష్‌లో ఉంటే చాలంటారు. చిన్న కంపెనీకి ఉన్నది నలుగురు డెవలపర్లు, ఈ నెలలో పేమెంట్ గేట్‌వే పని చేయాలా, క్రావడి సరిచేయాలా అంటే ఏది ముందు? తెలుగు మీద ప్రేమ లేక కాదు. డబ్బు కట్టే కస్టమర్ అడగనిది చేస్తే జీతాలు ఆగిపోతాయి, ఆ పరిస్థితి దగ్గర నుంచి చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

టెస్టర్_అక్క

ప్రొడక్ట్ తమ్ముడూ, ఇక్కడ కస్టమర్ అడిగారు. ప్రశ్న మళ్లీ చదువు. అడిగిన తర్వాత కూడా తీసేద్దాం అన్నారు, అసలు గొడవ అదే.

వాట్సాప్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టడం వేరు, కార్డు మీద పేరు అచ్చు కావడం వేరు. ఆధార్ మీద పేరు రెండు లిపుల్లోనూ ఉంటుంది, ఇంగ్లిష్‌లో సరిగా ఉంది కదా తెలుగులో ఎలా ఉంటే ఏంటి అని ఎవరూ ఊరుకోరు. మా అమ్మకి ఇంగ్లిష్ చదవడం రాదు. మనవరాలి కార్డు చేతిలో పెట్టుకుని పేరు కూడబలుక్కుని చదువుతుంది. అక్కడ "ప్‌రజ్‌ఞ" అని ఉంటే తప్పు తనదే, తనకే చదవడం రావట్లేదు అనుకుంటుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే కష్టంగా అనిపించేది అదే, మనం చేసిన తప్పుని అవతలి మనిషి తన మీద వేసుకోవడం.

తెలుగుని ఎవరూ పట్టించుకోకపోతే ఎంత దూరం పోతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచం మొత్తం చూసింది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్, దాని తర్వాత దీర్ఘం. ఈ వరస మెసేజ్‌లో వస్తే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్‌లో ఆ యాప్ కూలిపోయేది, నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యేది. ఫిబ్రవరి 19న ఆపిల్ వాళ్లు 11.2.6 వదిలి సరిచేశారు. వార్తల్లో దాన్ని వింత అక్షరం, ప్రాణాంతకమైన అక్షరం అని రాస్తుంటే నాకు ఒళ్లు మండింది. అక్షరం తప్పేం లేదు, అలాంటి వరసే బెంగాలీలో, దేవనాగరిలో వచ్చినా కూలేది. తప్పంతా షేపింగ్ కోడ్‌లో ఉంది, ఈ లిపులతో చాలినంత టెస్టింగ్ జరగలేదు.

హైటెక్, మీ సెర్చ్ సమస్య కూడా ఆ కనిపించని అక్షరం వల్లే. రాజ్‌కుమార్‌లో జ్ తర్వాత క వత్తుగా దిగకుండా ఆపేది అదే. ఒక కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకోటి పెట్టదు, పెట్టకపోతే "రాజ్కుమార్" అవుతుంది. ఇక వాలిడేషన్‌లో "అక్షరాలు మాత్రమే" అని రెజెక్స్ (టెక్స్ట్ ఎలా ఉండాలో చెప్పే నమూనా) పెట్టినవాళ్లు ఇంకా ఘోరం చేస్తారు, యూనికోడ్ లెక్కలో గుణింతాలు, పొల్లు, సున్నా ఇవన్నీ లెటర్ కేటగిరీలో ఉండవు, మార్క్ కేటగిరీలో ఉంటాయి. లెటర్ ఒక్కటే అనుమతిస్తే మన పేర్లన్నీ తలకట్టుతో మిగులుతాయి.

కనబడే పేరుని మాత్రం ముట్టుకోకండి. పక్కన సెర్చ్ కోసం ఇంకో కాలమ్ పెట్టి, అందులో నార్మలైజ్ చేసి, జాయినర్లు తీసేసి దాచుకోండి. వెతికే మాటని కూడా అదే ఫంక్షన్‌లోంచి పంపండి. నార్మలైజ్ ఎందుకంటే, ఐత్వం ఒకే కోడ్ పాయింట్‌గానూ ఉండొచ్చు, రెండు ముక్కలుగానూ ఉండొచ్చు, కంటికి రెండూ ఒకటే. వైష్ణవి పేరుతో టెస్ట్ చేస్తే తెలిసిపోతుంది.

బైట్‌లెక్క

అక్క చెప్పినదానికి జత చేస్తున్నా, గుండ్రంలో "శ్" వచ్చేది దేనివల్ల అంటే, మనిషి కంటికి ఒక అక్షరంగా కనిపించేదాన్ని యూనికోడ్ వాళ్లు గ్రాఫీమ్ క్లస్టర్ అంటారు. పాత నియమాల్లో పొల్లు దగ్గర క్లస్టర్ తెగిపోయేది, కాబట్టి శ్రీనివాస్ అంటే శ్, రీ, ని, వా, స్ అని ఐదు. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన యూనికోడ్ 15.1లో సంయుక్తాక్షరాలని కలిపి ఉంచే నియమం చేర్చారు, తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపులకి. అప్పుడు శ్రీ ఒకటే అవుతుంది, మొత్తం నాలుగు. మీ లైబ్రరీ పాతదై ఉంటుంది, కొత్త వెర్షన్‌కి మారండి. మొదటి అక్షరం కోసం స్ట్రింగ్‌లో సున్నా ఇండెక్స్ మాత్రం వద్దు, జావాస్క్రిప్ట్ అయితే ఈ క్లస్టర్ల ప్రకారం విడగొట్టే సెగ్మెంటర్ వాడండి.

ఛత్తాబజార్_డీటీపీ

నేను ప్రోగ్రామర్‌ని కాదు, పెళ్లి కార్డులు, పాంప్లెట్లు, ఫ్లెక్సీలు చేసేవాణ్ణి. మా వైపు సంగతి కూడా మీకు తెలియాలి. మా షాపుల్లో ఇప్పటికీ నడిచేది అను ఫాంట్లు, పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్. చాలామంది పాతబడిపోయారు అంటుంటారు, కానీ ఆ ఫాంట్లలో ఉన్న రకాలు, లావు సన్నాలు, పెళ్లి కార్డు మీద నప్పే వంపులు యూనికోడ్‌లో ఇంకా అన్ని రాలేదండీ. దానితో వచ్చే తలనొప్పి ఏంటంటే, అందులో తెలుగు అక్షరం ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో దాక్కుని ఉంటుంది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి. సెర్చ్ దొరకదు, కాపీ చేస్తే పనికిరాదు. ఇన్నేళ్లుగా మా చేతుల మీదుగా అచ్చయిన తెలుగు ఎంత ఉందో, అందులో ఇంటర్నెట్‌లో వెతికితే దొరికేది చాలా తక్కువ. నాకు దాని మీద నిజంగా దిగులు ఉంది.

ఇంకో మాట, మా పాతబస్తీ వైపు స్కూళ్లకి ఇస్తే ఉర్దూ కూడా అడుగుతారు, చూసుకోండి. 2017 నుంచి తెలంగాణలో అది రెండో అధికార భాష. కుడి నుంచి ఎడమకి రాసేది కాబట్టి మీ కార్డు డిజైన్ అంతా మళ్లీ చూసుకోవాలి.

ప్రొడక్ట్_కొండాపూర్

అక్కా, స్కూలే అడిగింది అన్న మాటకి ఒప్పుకుంటున్నాను, అలాంటప్పుడు తీసేయమనడం సరికాదు. ఖర్చు మాత్రం నిజమండీ. ఎస్‌ఎంఎస్ ఉదాహరణే తీసుకోండి, ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు, తెలుగు పెట్టగానే 70కి పడిపోతుంది, అంతకంటే పొడవైతే ముక్కకి 67. 140 అక్షరాల ఫీజు రిమైండర్ ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్, తెలుగులో మూడు. స్కూల్ మొత్తానికి పంపితే బిల్లు మూడింతలు.

ఏఐ మోడళ్ల విషయంలోనూ ఇదే బాధ ఉండేది, టోకెన్ల (మోడల్ వాక్యాన్ని విడగొట్టే చిన్న ముక్కలు) లెక్కన డబ్బు కడతాం కదా, తెలుగు ముక్కలు ముక్కలు అయిపోయి టోకెన్లు ఇష్టం వచ్చినట్టు పెరిగేవి. 2024 మేలో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు ఓపెన్ఏఐ ఇచ్చిన ఉదాహరణలో ఒక తెలుగు వాక్యం 159 టోకెన్ల నుంచి 45కి తగ్గింది. అది చూశాక నాకూ అభిప్రాయం కొంత మారింది. ఖర్చు అనేది భాషలో ఉన్న లోపం కాదు, ఆ ముక్కలు చేసే టోకెనైజర్ తయారు చేసేటప్పుడు తెలుగు టెక్స్ట్ ఎంత చూపించారన్నదాన్ని బట్టి ఉంటుంది.

టెస్టర్_అక్క

అదే నేనూ అంటున్నది. ఆ టెక్స్ట్ ఎక్కడి నుంచి రావాలి? డీటీపీ అన్న చెప్పిన అను ఫైళ్లలో ఇరుక్కుపోయిన తెలుగు బయటకి రావాలి. గచ్చిబౌలిలో ట్రిపుల్ఐటీలో భాషా సాంకేతికత మీద ఎల్‌టీఆర్‌సీ అని పెద్ద పరిశోధన కేంద్రమే ఉంది, స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు ఎప్పటినుంచో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి తెస్తున్నారు, కేంద్ర ప్రభుత్వం 2022లో భారతీయ భాషల అనువాదం కోసం భాషిణి మొదలుపెట్టింది. పని జరగట్లేదని కాదు. వాటికీ రోజూ కోడ్ రాసే మన ఆఫీసులకీ మధ్య రాకపోకలు లేవు. మన టెస్ట్ డేటాలో పేర్లన్నీ జాన్, స్మిత్. ఆ రెండు పేర్లతో మూడు లైన్లు రాసి అంతా బాగుందని టిక్ పెట్టేస్తాం.

నేను వాడే పేర్లు ఇస్తున్నా, కాపీ చేసుకోండి. శ్రీనివాసరావు, లక్ష్మీనారాయణ, ప్రజ్ఞ, జ్యోత్స్న, వైష్ణవి, రాజ్‌కుమార్, ఋషి, ఐశ్వర్య. జ్యోత్స్న దగ్గర మూడు హల్లులు కలుస్తాయి, షేపింగ్ సరిగా లేనిది ఏదైనా అక్కడ దొరికిపోతుంది. రాజ్‌కుమార్‌ని జాయినర్ ఉన్నదీ లేనిదీ రెండూ పెట్టండి.

హైటెక్_తెలుగు

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. బైట్‌లెక్క అన్న ఊహించిందే నిజం, ప్రింటర్ వాళ్లకి వెళ్లే ఫైల్‌లో పేరు గడి 30 బైట్లే ఉంది. వాళ్లతో మాట్లాడితే 120కి పెంచారు, ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోయింది. రసీదులు హెడ్‌లెస్ క్రోమ్‌కి మార్చాం, సర్వర్‌లో డబ్బాలు కూడా వచ్చాయి, మీరు ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. కొంచెం నెమ్మదిగా ఉంది కానీ ప్రజ్ఞ పేరు ఇప్పుడు చక్కగా వస్తోంది. సెర్చ్ కాలమ్ టెస్టింగ్‌లో ఉంది. అక్క ఇచ్చిన పేర్లని మా టెస్టుల్లో పెట్టేశాను, అవి పాస్ కాకపోతే బిల్డ్ (యాప్ కొత్త వెర్షన్ తయారీ) ఆగిపోతుంది.

డీటీపీ అన్నా, మీకు ఒక్క ప్రశ్న. స్కూల్ వార్షికోత్సవం ఫ్లెక్సీకి మా యాప్ నుంచి పిల్లల పేర్లు ఎక్సెల్‌లో తీసి ఇచ్చాం. డిజైనర్ ఫొటోషాప్‌లో పేస్ట్ చేస్తే మళ్లీ వత్తులు విడిపోయాయట. ఫైల్‌లో అయితే బాగానే ఉంది. తప్పు ఎవరి వైపు?

ఛత్తాబజార్_డీటీపీ

మీ ఫైల్ తప్పు కాదండీ. ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి టైప్ అన్న చోట టెక్స్ట్ ఇంజిన్‌ని మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని మార్చమనండి, ఆ తర్వాతి కొన్ని వెర్షన్లలో వరల్డ్ రెడీ అని ఉంటుంది. ఆ తర్వాత ఫైల్ మూసి మళ్లీ తెరవాలి, ఫాంట్ కూడా యూనికోడ్ తెలుగుదే ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టాలి. వాళ్లు అను ఫాంటే కావాలంటే మాత్రం యూనికోడ్ నుంచి అనుకి మార్చే కన్వర్టర్‌లో వేసి తెచ్చుకోవాలి, అందులో ఆ కనిపించని జాయినర్ దగ్గర అప్పుడప్పుడు అక్షరం ఎగిరిపోతుంది, కాబట్టి రాజ్‌కుమార్, సాయిచరణ్‌తేజ లాంటి పేర్లు ఒక్కొక్కటీ చూసుకోమనండి. ఫ్లెక్సీ ఎక్కించే ముందు ప్రూఫ్ తీసి స్కూల్‌లో తెలుగు టీచర్ గారి చేత చదివించండి.